నల్ల టేపు కింద దాక్కున్న చిలుముకు బహిరంగ లేఖ

చిలుమా,

నీ పేరు నేను మొదట విన్నది వంటింట్లో. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో రాత్రి పెరుగు మిగిలిపోతే, పొద్దున్నే అమ్మమ్మ వాసన చూసి "చిలుమెక్కింది, ఎవరూ ముట్టకండి" అని పారబోసేది. కళాయి పోసే ఆయన వీధిలోకి రాగానే ఇంటి ముందే కొలిమి పెట్టించేది. కాలిన గిన్నెలో నవసాగరం చల్లి, తగరం ముక్క రాసి, గుడ్డతో గిర్రున ఒక్క తిప్పు తిప్పితే లోపలంతా వెండిలా తేలేది. నిన్ను ఆపడానికి ఆ పూత చాలునని మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అప్పట్లో నువ్వు కంటికి కనిపించేదానివి. చింతపండు వేసి తోమితే పోయేదానివి.

ఇప్పుడు కనిపించని చోట చేరావు. అక్కడ నువ్వు చేస్తున్న పనికి శిక్ష ఇంకొకరికి పడుతోంది. అందుకే ఈ ఉత్తరం నీకే రాస్తున్నా, నలుగురూ చదివేలా రాస్తున్నాను.

నా పని నిర్మాణ యంత్రాల ఇంజన్లలో వచ్చే కోడ్‌లకు కారణం వెతకడం. అమీర్‌పేటలో గది. పంజాగుట్ట, బేగంపేట, సనత్‌నగర్ చుట్టుపక్కల సైట్లు. సంచిలో ల్యాప్‌టాప్, మల్టీమీటరు, ఒక మెకానికల్ ఆయిల్ గేజీ, సన్నటి పిన్నులు, టార్చి. ఎక్కువగా రాత్రిళ్లే పిలుపు వస్తుంది, ఎందుకంటే ఈ రోడ్ల మీద పగలు తవ్వడం కుదరదు.

పోయిన వానాకాలం మైత్రీవనం దగ్గర మురుగునీటి పైపులైను పని జరుగుతోంది. రాత్రి పదకొండు దాటాక బారికేడ్లు పెట్టి, తెల్లారేలోపు గుంత పూడ్చి రోడ్డు అప్పగించాలి. పన్నెండున్నరకు ఫోన్ మోగింది. ఆపరేటర్ నాగర్‌కర్నూల్ వైపు మనిషి.

"అన్నా, బండి గుంజుతలేదు. మల్ల గదే లైటు, గదే కోడ్. జర జల్ది రావా?"

వెళ్లేసరికి సన్నగా తుంపర. మెట్రో వంతెన కింద, పిల్లర్ పక్కన, బ్యాక్‌హో బకెట్ సగం లేచి గుంత మీద వేలాడుతోంది. యాక్సిలరేటర్ ఎంత నొక్కినా ఇంజన్ మూలుగు మారడం లేదు. ఇంజన్ కంప్యూటర్ ప్రమాదం ఉందనుకుని తనంతట తానే శక్తి తగ్గించుకుంది. గుంతలో ఇద్దరు పైపు పట్టుకుని పైకి చూస్తూ నిలబడ్డారు. సూపర్‌వైజర్ నన్ను చూడగానే, "ఆయిల్ చూసుకోడు సార్ ఈయన. ఎన్నిసార్లు చెప్పినా అంతే" అన్నాడు. ఆపరేటర్ ఏమీ అనలేదు. సీటు మీద నుంచి దిగి పక్కకు జరిగాడు.

అది నాలుగోసారి అట. మొదటిసారి లైటు వెలిగితే ఆయిల్ మార్చారు. రెండోసారి ఆయిల్ ప్రెషర్ సెన్సార్ మార్చారు. మూడోసారి మళ్లీ కొత్త సెన్సార్. ఆ మూడో సెన్సార్ ఖరీదు 6,800 రూపాయలు ఆపరేటర్ జీతంలో రెండు వాయిదాలుగా కోత పెట్టారు. బండి లాగ్‌బుక్‌లో ఎర్ర పెన్నుతో ఒక లైను రాశారు: "ఆపరేటర్ ఆయిల్ చెక్ చేయలేదు."

చిలుమా, ఆ లైను గురించే నీతో నా పోట్లాట.

నా ల్యాప్‌టాప్‌లో రెండు కోడ్‌లు కనిపించాయి: 100-4, 102-4. ఇలాంటి యంత్రాల ఇంజన్లు చాలావరకు జే-1939 అనే భాషలో మాట్లాడతాయి. అందులో ఫిర్యాదు ఎప్పుడూ రెండు అంకెలుగా వస్తుంది. మొదటిది ఎస్‌పీఎన్, అంటే ఏ కొలత గురించి ఫిర్యాదు అన్నది. 100 అంటే ఇంజన్ ఆయిల్ ప్రెషర్. 102 అంటే టర్బో నుంచి ఇంజన్‌లోకి వెళ్లే గాలి ప్రెషర్. 110 అయితే కూలెంట్ వేడి. రెండోది ఎఫ్‌ఎంఐ, అంటే ఆ కొలతకు ఏమైంది అన్నది. 100 పక్కన 1 ఉంటే ఆయిల్ ప్రెషర్ నిజంగానే ప్రమాదకరంగా పడిపోయిందని అర్థం, వెంటనే ఇంజన్ ఆపేయాలి. 100 పక్కన 4 ఉంటే సెన్సార్ నుంచి రావలసిన వోల్టేజీ మామూలు కంటే తక్కువగా వస్తోందని అర్థం. 1 ఆయిల్ సంగతి చెబుతుంది, 4 కరెంటు దారి సంగతి చెబుతుంది. కానీ స్క్రీన్ మీద రెండు చోట్లా "ఆయిల్ ప్రెషర్", "లో" అన్న మాటలు కనిపిస్తాయి. చదివేవాళ్లు ఆ రెండు మాటలే పట్టుకుంటారు. ఎవరూ చూడని ఆ రెండో అంకె చాటునే నువ్వు ఇన్నాళ్లూ బతికావు.

అంకెను నమ్మినా, ఇంజన్‌ను మాత్రం మాట మీద నమ్మకూడదు. సెన్సార్ విప్పి ఆ రంధ్రంలో మెకానికల్ గేజీ బిగించి స్టార్ట్ చేయించాను. ఐడిల్‌లోనే ముల్లు రెండు బార్లు దాటి నిలబడింది. ఆయిల్ నిండుగా, శుభ్రంగా ఉంది. ఆపరేటర్ ఆ ముల్లు వైపు చాలాసేపు చూశాడు. "నేను రోజు పొద్దుగాల చూస్తనే ఉన్న అన్నా" అన్నాడు. ఆ మాట నాలుగుసార్లూ చెప్పాడట. వినడానికి అక్కడ గేజీ ఉన్నవాళ్లు ఎవరూ లేరు.

ఆ సెన్సార్‌కు మూడు వైర్లు. ఒకదాంట్లో కంప్యూటర్ 5 వోల్టులు పంపుతుంది, ఒకటి ఎర్త్, మూడోదాని మీద సెన్సార్ ప్రెషర్‌ను బట్టి సుమారు అర వోల్టు నుంచి నాలుగున్నర వోల్టుల దాకా జవాబు పంపుతుంది. అర వోల్టు కన్నా బాగా కిందికి దిగితే అది ప్రెషర్ కాదు, దారి తెగిందనో ఎక్కడో తగిలిందనో కంప్యూటర్‌కు తెలుసు. అందుకే 4 అని రాస్తుంది. అంత స్పష్టంగా చెప్పినా మేం వినకపోతే తప్పు దానిది కాదు.

ఇంకో సంగతి ఆ తెరమీదే ఉంది. ఆయిల్ సెన్సారూ గాలి సెన్సారూ ఒకేసారి పాడవడం అరుదు. రెండూ ఒకే రాత్రి ఒకే అంకె చూపిస్తున్నాయంటే రెంటికీ ఉమ్మడిగా ఏదో ఉండాలి. వైరింగ్ బొమ్మ తీసి చూస్తే రెంటికీ 5 వోల్టుల వైరు ఒక్కటే, మధ్యలో చీలి రెండు సెన్సార్లకూ వెళ్తోంది. పోనీ కంప్యూటరే 5 వోల్టులు సరిగా పంపడం లేదా అంటే, అలాంటప్పుడు సెన్సార్ సప్లై మీద 3509 అని వేరే ఫిర్యాదు రావాలి. అది లేదు. ఇంట్లోంచి బయల్దేరింది, ఊరు చేరలేదు. దారిలో ఎక్కడో నువ్వు కాపు కాశావు.

అప్పటికి పక్కన ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. ఒంగోలు వైపు నుంచి వచ్చాడట, మెకానికల్ ఇంజనీరింగ్ చదివి ఇక్కడి హాస్టల్‌లో ఉంటూ జావా నేర్చుకుంటున్నాడు. సైకిల్ మీద చాయ్ అమ్మే ఆయన దగ్గరికి వచ్చి, బండి చూసి ఆగిపోయాడు. టార్చి పట్టుకోమంటే సంతోషంగా పట్టుకున్నాడు. అమీర్‌పేటలో ఇది నన్ను ఎప్పుడూ కదిలించే విషయం. వెల్డింగూ, థర్మోడైనమిక్సూ చదివిన పిల్లలు వేలమంది ఈ వీధుల్లోకి వచ్చి కీబోర్డు ముందు కూర్చుంటారు. ఎంబెడెడ్ సిస్టమ్స్ క్లాసుల్లో, 1986లో బాష్ కంపెనీ లోకానికి చూపిన క్యాన్ అనే వైరింగ్ పద్ధతి గురించి చెబుతారు. రెండు మెలిపెట్టిన వైర్లు, చివరల్లో చెరో 120 ఓంల రెసిస్టర్, మధ్యలో కొలిస్తే 60 ఓంలు. ఆ క్లాసు కిటికీ కింద, అదే వైర్లున్న బండి వానలో ఆగిపోయి ఉంటుంది. పైనున్న పిల్లలకు కిందికి దిగి చూడమని చెప్పేవాళ్లు లేరు.

రెండు సెన్సార్లకూ వైర్లు తగిలించే కప్లర్లు ఊడదీసి 5 వోల్టుల పిన్ను దగ్గర మల్టీమీటర్ పెట్టాను. 4.98 చూపించింది.

"అన్నా, ఐదు వోల్టులు కరెక్టుగానే ఉన్నాయి కదా. ఇంకేముంది?" అన్నాడు కుర్రాడు.

నాకంటే ముందు వచ్చిన మెకానిక్కులు కూడా సరిగ్గా ఇక్కడే మోసపోయి ఉంటారు. వైరులో కరెంటు వస్తోంది, కాబట్టి వైరు మంచిది, కాబట్టి సెన్సార్ చెడ్డది. నేను కప్లర్లు మళ్లీ తగిలించి, సెన్సార్లు పనిచేస్తుండగా వెనక వైపు నుంచి సన్నటి పిన్ను జారవిడిచి అదే వైరు కొలిచాను. ఒకటిన్నర వోల్టు కూడా లేదు.

కుర్రాడికి అర్థం కావడానికి వాళ్ల హాస్టల్ కుళాయి గుర్తుచేశాను. పైపులో మట్టి పేరుకుపోయినా, కుళాయి కట్టేసి ఉన్నంతసేపూ లోపల ఒత్తిడి నిండుగానే ఉంటుంది. తిప్పిన క్షణాన బయటికొచ్చేది సన్నటి ధార. మల్టీమీటర్ దాదాపు ఏమీ తాగదు, కట్టేసిన కుళాయి లాంటిది. సెన్సార్లు తాగుతాయి, కొద్దిగానే, రెండూ కలిపి ఓ ఇరవై మిల్లీయాంపులు. ఆ కొద్దిపాటి దాహానికే మూడున్నర వోల్టులు దారిలో పోయాయి. లెక్కేస్తే దాదాపు 180 ఓంలు. రాగి వైరులో ఆ దూరానికి ఓంలో పదో వంతు కూడా ఉండకూడదు.

అక్కడి నుంచి చేత్తోనే వెతికాను. ఇంజన్ వెనక వైర్ల కట్టను అంగుళం అంగుళం నొక్కుతూ, వంచుతూ పోతుంటే, ఒక బ్రాకెట్ వెనక ఉబ్బెత్తుగా తగిలింది. నల్ల ఇన్సులేషన్ టేపు, ఎండకూ ఇంజన్ వేడికీ జిగురు కారిపోయి నూనెతో కలిసి ముద్దయింది. ఎప్పుడో ఎవరో వైరు తెగితే రెండు కొసలూ మెలేసి, టేపు చుట్టి వదిలేశారు. బ్లేడుతో కోశాను. ముందు ఒక చుక్క నీరు కారింది. తర్వాత నువ్వు కనిపించావు.

కుర్రాడు టార్చి దగ్గరికి తెచ్చాడు. రాగి పోగులు పోగులుగా లేవు. పాచిపట్టిన మెట్టులా పచ్చటి పొడి, దాని కింద నల్లటి పెంకు, మధ్యలో ఇంకా మెరుస్తున్న రెండో మూడో పోగులు. ఆ రెండు మూడు పోగుల మీదే నాలుగు వారాలుగా ఆ బండి పగలు బాగా పనిచేసి రాత్రి వానలో కూలబడుతోంది. ఎండకు ఆరితే పోగులు కాస్త అతుక్కుంటాయి, గ్యారేజీలో కోడ్ క్లియర్ చేసి "అయిపోయింది" అంటారు. తడిస్తే నువ్వు మళ్లీ వస్తావు.

అమీర్‌పేట నీకు బాగా నచ్చే చోటని నాకు తెలుసు. వాన పడితే మైత్రీవనం దగ్గర నీళ్లు నిలుస్తాయి. 2000 ఆగస్టు 24న పక్కనే బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్లకు పైగా కురిసింది. 2020 అక్టోబరులో మళ్లీ 19 సెంటీమీటర్లు. అలాంటి రోజులు అక్కర్లేదు నీకు, ఒక్క చుక్క టేపు లోపల చిక్కితే చాలు. రాగికి తేమ, గాలిలోని ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ కలిస్తే నువ్వు పుడతావు. వైరులో నిలకడగా ఒకే వైపు పారే కరెంటు ఉంటే ఇంకా త్వరగా తింటావు, ప్లస్ ఉన్న పిన్నును ముందు కొరుకుతావు. మోరీ గుంతల పక్కన పని అయితే, మురుగులోంచి లేచే హైడ్రోజన్ సల్ఫైడ్ రాగిని నల్లబరుస్తుంది. ఇంకా నువ్వు దారి ఎంత బాగా ఎరుగుదువంటే, వైరు లోపలి పోగుల సందుల్లోంచి, దీపం వత్తిలో నూనె పాకినట్టు నీళ్లు పాకుతాయి. తడిసింది ఒకచోట, కుళ్లింది మూరెడు అవతల.

కప్లర్‌లోని పిన్నులకు కూడా కళాయే పూస్తారు, తెలుసా? చాలావాటి మీద ఉండేది అదే తగరం, అమ్మమ్మ గిన్నె లోపలి పూత. ఖరీదైనవాటికి బంగారం. కానీ గిన్నె పొయ్యి మీద కదలకుండా కూర్చుంటుంది. బండి రోజంతా వణుకుతుంది. ఆ వణుకుకు పిన్నూ సాకెట్టూ వెంట్రుకవాసి కన్నా తక్కువ దూరం రాసుకుంటూ, రాసుకుంటూ, తగరం నల్లటి పొడిగా రాలిపోతుంది. పచ్చగా కనిపించదు కాబట్టి చాలామంది దాన్ని మురికి అనుకుని ఊదేస్తారు. అది నీ చెల్లెలు.

నీకు తలుపు తీసేది మేమే అన్నది కూడా ఒప్పుకోవాలి. వైరులో కరెంటు ఉందో లేదో చూడటానికి తోలులోకి సూది గుచ్చి టెస్ట్ చేస్తాం. సూది తీసేస్తాం, రంధ్రం నీకు వదిలేస్తాం. సాకెట్టులోకి లావుపాటి ప్రోబు దూర్చి దాని పట్టు వదులు చేస్తాం. వారానికోసారి వాటర్ సర్వీసింగ్ పేరుతో ఇంజన్ మీదికి, సరిగ్గా కప్లర్ల మీదికి, ప్రెషర్ గన్ పెట్టి కొడతాం. కప్లర్ లోపలి రబ్బరు సీలు ఊడి కిందపడితే వెతకం. నేనూ కొత్తలో ఇవన్నీ చేశాను. ఎన్ని బండ్లకు నిన్ను నేనే అంటించానో లెక్క లేదు.

కోడ్ తెప్పించే చోట్ల కన్నా తెప్పించని చోట నువ్వంటే నాకు ఎక్కువ భయం. కూలెంట్ వేడి చెప్పే సెన్సార్‌నే తీసుకో. దాని లోపల ఉండేది వేడెక్కేకొద్దీ నిరోధం తగ్గే చిన్న పూస. ఒక సాధారణ రకంలో 20 డిగ్రీల దగ్గర రెండున్నర వేల ఓంలు, 80 దగ్గర సుమారు 320, 100 దగ్గర 190 లోపు. దాని కప్లర్‌లో నువ్వు చేరి ఓ 130 ఓంలు కలిపావనుకో. 100 డిగ్రీల కూలెంట్ కంప్యూటర్‌కు 80 డిగ్రీలుగా కనిపిస్తుంది. ఏ అంకె హద్దు దాటదు. ఏ లైటూ వెలగదు. ఆపరేటర్ ముందు ముల్లు నిమ్మళంగా మధ్యలో ఉంటుంది. లోపల ఇంజన్ ఉడుకుతుంటుంది. చివరికి హెడ్ గ్యాస్కెట్ పోయినప్పుడు మళ్లీ అదే మాట: "నీళ్లు చూసుకోలేదు."

ఆ సెన్సార్‌ను పరీక్షించడం చాలా తేలిక, అయినా చేసేవాళ్లు తక్కువ. రెండు వైర్ల కప్లర్ ఊడదీస్తే దారి తెగినట్టు, కోడ్ 110-3 కావాలి. ఆ రెండు కొసల్నీ చిన్న వైరుతో కలిపితే 110-4 కావాలి. అలా మారితే కంప్యూటరూ దారీ చాలావరకు బతికే ఉన్నాయి, అనుమానం సెన్సార్ మీదికి వెళ్తుంది. ఎంత మార్చినా కోడ్ మారకపోతే కొత్త సెన్సార్ కొన్నా ఫలితం లేదు. ఐదు నిమిషాల పని.

2021 ఏప్రిల్ నుంచి చక్రాల మీద నడిచే నిర్మాణ యంత్రాలకు భారత్ స్టేజ్ సీఈవీ-4 పొగ నియమాలు వచ్చాయి. వాటితో కామన్ రైల్ ఇంధన పద్ధతి ఉన్న ఇంజన్లు, ఎక్కువ సెన్సార్లు, ఎక్కువ వైర్లు వచ్చాయి. ఆ నియమాలు మంచివని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. పంజాగుట్ట చౌరస్తాలో పగలంతా నిలబడే ట్రాఫిక్ కానిస్టేబుల్ ఊపిరితిత్తులకు అవి కావాలి. కానీ ప్రతి కొత్త వైరూ నీకు ఒక కొత్త ఇల్లు. పాత బండిలో మెకానిక్ చెవి పెట్టి విని, పొగ రంగు చూసి రోగం చెప్పేవాడు. ఇప్పుడు అతని చేతికి స్కానర్ ఇచ్చాం, దాని అంకెల్ని ఎలా చదవాలో నేర్పలేదు. కోడ్ క్లియర్ చేసే బటన్ ఒక్కటే చూపించాం.

నీకు అన్యాయం చేయకూడదు కాబట్టి ఇదీ రాస్తాను. 1886లో న్యూయార్క్ రేవులో నిలబెట్టినప్పుడు స్వేచ్ఛా ప్రతిమ రాగి రంగులోనే ఉండేది. ఆ ఒంటి మీది పచ్చదనం నీదే, లోపలి రాగిని ఇన్నేళ్లూ కాపాడుతున్నదీ నువ్వే. దళసరి రేకు మీద కవచమవుతావు. వెంట్రుకంత సన్నటి పోగు మీద పడితే కవచం కావడానికి లోపల కాపాడాల్సింది ఏమీ మిగలదు.

ఆ రాత్రి నీ భాగాన్ని రెండు వైపులా కోసి, లోపల మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి వెళ్లాను. ఒకవైపు నాలుగు అంగుళాలు పోయింది. కొత్త వైరు ముక్క వేసి, స్లీవ్ నొక్కి, లోపల జిగురు ఉండే ట్యూబు వేడిచేసి అతికించాను. జిగురు రెండు అంచుల నుంచీ కొద్దిగా బయటికి ఉబికితేనే నువ్వు రాలేవని నమ్మకం. కుర్రాడితో మళ్లీ కొలిపించాను, సెన్సార్ తగిలించి. 4.97. "లోడ్ మీదే కదన్నా?" అని తనే అడిగాడు. ఆపరేటర్ స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ నొక్కాడు. బకెట్ లేచింది. గుంతలోని వాళ్లు పైపు సరిచేసుకున్నారు. తెల్లవారుజామున నాలుగున్నరకు పని అయింది, బస్సులు మొదలయ్యేలోపు రోడ్డు పూడింది.

కోసిన ముక్కను చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి మర్నాడు యజమానికి చూపించాను. ఆయన దాన్ని చాలాసేపు తిప్పి చూశారు. కోత పెట్టిన డబ్బు మొదటి వాయిదా తిరిగి ఇచ్చారు, రెండోది వచ్చే నెల అన్నారు. లాగ్‌బుక్‌లో ఎర్ర పెన్నుతో రాసింది కొట్టేయమని అడిగితే, రాసిన పేజీలు దిద్దకూడదన్నారు. నిజమే, లాగ్‌బుక్ దిద్దకూడదు. అందుకని దాని కిందే నీలం పెన్నుతో రాశాను: "100-4, 102-4. వైరు జాయింట్‌లో చిలుము. ఆయిల్ లెవెల్ సరిగా ఉంది. ప్రెషర్ సరిగా ఉంది. ఆపరేటర్ ప్రతిరోజూ చెక్ చేశాడు." తేదీ వేసి సంతకం పెట్టి, పుస్తకం ఆపరేటర్ చేతికిచ్చాను. అతను ఆ నాలుగు ముక్కలూ పైకి చదివించుకుని, పుస్తకాన్ని పాలిథిన్ కవర్‌లో చుట్టి సీటు కింద పెట్టుకున్నాడు.

ఇట్లు,
అమీర్‌పేట నుంచి
ఒక ఫీల్డ్ మెకానిక్